మంచినీళ్ళతో కడిగిన కంప్యూటరు

కావా వేరు దంచి కలిపిన మత్తుపానీయం గిన్నె చుట్టూ చేరినవాళ్ళలో లిటియా ఒక్కతే తాగడం లేదు. ఆమె మొగుడు అపిసాయి సముద్రం మీదికి చేపల వేటకెళ్ళి తుఫానులో తిరిగి రాలేదు. కూతురికి అతను పాడిన జోలపాట రికార్డు ఇంట్లో కంప్యూటరులో ఉంది, మరెక్కడా లేదు. అదేమో ఆన్ చేస్తే కాసేపు గుర్రుమని, నల్లతెర చూపించి ఊరుకునేది. పడవ ఇంజన్లు బాగుచేసే విలియమే, "ఇదెంత పని చెల్లెమ్మా" అంటూ పట్టుకుపోయాడు. ఇప్పుడా కథే చెబుతున్నాడు.

"విప్పి చూద్దును కదా, లోపల ఓ బల్లి. సరే, ఒక్కటే కదా అనుకున్నా. దాని వెనకాల పెళ్ళాం, పిల్లలు, అత్తగారు. అందర్నీ బతిమాలి ఖాళీ చేయించేసరికి పొద్దుపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలంతా ఉప్పు. అరబస్తా దిగింది. చేపలు ఊరేసుకోగా ఇంకా మిగిలింది."

"మాకో గుప్పెడు పంపలేదేం బావా?" అన్నాడు జోసేఫా. బావను ఏడిపించడం అతని హక్కు, ఎవరూ తప్పు పట్టరు.

"ఉప్పు పట్టిన ఇంజన్ని ఏం చేస్తాం? మంచినీళ్ళతో కడుగుతాం. కడిగాను, కొబ్బరినూనె రాశాను. స్విచ్ నొక్కానో లేదో, ఇంట్లో దీపాలు పోయాయి. ఇంట్లో ఏమిటి, సువా పట్నమే చీకటైపోయింది. పైన పోయే విమానం కిందికి దిగి నన్ను దారడిగింది. అంత చీకట్లో తెర ఒక్కటే వెలిగి, 'ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు విలియమే' అంది."

అందరూ నవ్వారు. లిటియాకి నవ్వు రాలేదు గానీ, సిగ్గులేని మనసు ఆశపడింది.

"అయితే పాట విన్నావా అన్నా?"

విలియమే కొబ్బరిచిప్ప అందుకుని గటగటా తాగేశాడు. తాగాక చప్పట్లు కొట్టడం అక్కడి ఆచారం. అతని చేతులు లేవలేదు.

జోసేఫా మొహంలో వెటకారం పోయింది. "బావా, మనిద్దరి ఇళ్ళకీ ఒకటే కరెంటు లైను. ఆ సాయంత్రం మా ఇంట్లో దీపాలు నిజంగానే పోయాయి."

అంత కథలోనూ నిజమైన ముక్క అదేనని లిటియాకి అర్థమైంది.

"తడి ఆరకుండానే నొక్కావా?"

"ఇంజన్ని ఎవరు ఆరబెడతారు చెల్లెమ్మా? కడగ్గానే స్టార్ట్ చేస్తాం. ఇదేమో లోపలంతా మాడిపోయింది" అన్నాడు విలియమే. ఆ గొంతులో ఇప్పుడు గొప్ప లేదు.

లిటియా చాప మీంచి లేచింది.

"రేపు నా కూతురు పెద్దదై, నాన్న గొంతెలా ఉండేదని అడుగుతుంది. నేను చెప్పలేను. ఈ కథ నువ్వే చెప్పు అన్నా."