పదో దినం పడిన వాన

హిందూపురం రోడ్డు మీద ఒకామె గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉంది. ఆమె మీద, ఆమె చీనీ (బత్తాయి) తోట మీద తాను రాసిన కథను ఆమె ఊరి బడి టీచరమ్మ అప్పుడే చదివి వినిపించింది.

“ఎట్లుండాదక్కా?”

“బాగుండాది మేడమ్. కానీ ఆయమ్మ నేను కాదు.”

“నువ్వే కదక్కా! బోరు ఎండిపోతే బిందెలతో నీళ్లు మోసి చీనీ చెట్లను బతికించుకుంటాంటివి. నా కండ్లతో చూసినా.”

“మీరు చూసినపుడు మోస్తాంటి. రెండు ఎండాకాలాలు మోసినా. ఆమీట నేనే గొడ్డలి తీసుకోని అన్నీ కొట్టేసినా.”

“అయ్యో, నాకు తెలీదక్కా. కథలో ఆయమ్మ వాన పడేదాకా ఓర్చుకునిందని, చెట్లు కాయలు కాసినాయని రాసినా.”

“నాకూ పడింది మేడమ్. చెట్లు కొట్టేసిన పదో దినం. వంకలు పారినాయి.”

టీచరమ్మ చేతిలోని కాగితాల్లో చివరిది తీసి చూసుకుంది.

“ఇంకో పది దినాలు మోయాల్సిండెనా? లేకుంటే మొదటేడే కొట్టేసి ఈ కుట్టుపనికి రావాల్సిండెనా? ఎంత ఆలోచించినా తెగలేదు. సదువుకున్నోళ్లు, మీరన్నా చెప్పండి.”

“నాకూ తెలీడం లేదక్కా. కథ చివర మార్చేదా?”

“వద్దు. ఆయమ్మకన్నా కాయలు కాయనీ. ఆ కాగితాలు ఇట్లియ్యండి, మా పాపతో మళ్లా చదివించుకుంటా.”

“ఇది నిజమేనా అని పాప అడిగితే?”

బస్సు వచ్చి ఆగింది. ఆమె కాగితాలను టిఫిన్ సంచిలో పెట్టుకుంది.

“నీళ్లు మోసింది నేనేనని చెప్తా మేడమ్. చెట్లు కొట్టేసేటపుడు పాప నా పక్కనే ఉండె.”