సెంటర్లో ఫ్లెక్సీ కోసిన విషయమై మాలకొండయ్య చెప్పినది

మావాడు ఈ పొద్దున మళ్ళీ పనిలోకి వెళ్ళాడండి. ముందు ఆ మాట రాసుకోండి, తర్వాత నా పేరు రాసుకుందురుగాని.

నా పేరు మాలకొండయ్య, తండ్రి కీర్తిశేషులు బుల్లయ్య. వయసు అరవై ఆరు. ఐదో తరగతి దాకా చదివాను. మార్టూరు దగ్గర మా ఊళ్ళో కౌలుకి మిరప, పత్తి వేస్తాను. ఇద్దరు ఆడపిల్లల తర్వాత చాన్నాళ్ళకి పుట్టినవాడు ఈ పిల్లాడు. వాడికి పదిహేడేళ్ళు. వాడి పేరు నేను చెప్పను. స్టేషన్ రైటర్ గారు రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ ఇదే చెప్పాను. ఈ గొడవంతా వాడి పేరు గురించే.

పోయిన వేసవిలో వాడు ఇంకో ఇద్దరితో కలిసి పొలాల్లో బోరు మోటార్ల కేబుల్ కోశాడు. లేదనను. కాల్చి, రాగి తీసి, పాతసామాను కొట్టుకి వేశారు. పట్టుబడ్డారు. పిల్లల బోర్డులో మేజిస్ట్రేట్ అమ్మగారు హోముకి పంపకుండా మా ఊరి తోడు సంఘానికి అప్పగించారు. సంఘాన్ని నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టారు ఎలీషా గారు. ఆయన కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నా తక్కువే నేను. మావాణ్ణి మోటార్లు వైండింగ్ చేసే బుడే కొట్టులో పెట్టించారు. రాగి తీగ తెంపినవాడివి, చుట్టడం కూడా నేర్చుకో అన్నారు. కేబుల్ పోయిన రైతుల పొలాలకి వాడే వెళ్ళి కొత్తది వేసి వచ్చాడు. మొదట బూతులు తిట్టారు. తర్వాత తర్వాత మజ్జిగ ఇచ్చారు.

సంఘంలో చేర్చిన రోజు ఎలీషా గారు ఒకటే గట్టిగా చెప్పారు, పిల్లాడి పేరుగానీ ఫోటోగానీ బయటికి రాకూడదు, అది చట్టం అని. సంఘం ప్రెసిడెంటు ప్రకాష్ పక్క కుర్చీలోనే కూర్చుని తలూపాడు. నేను చూశాను, తలూపాడు.

సోమవారం బోర్డులో కేసు మూసేశారు. ఇక రానక్కర్లేదు, బాగా పని చేసుకో నాన్నా అన్నారు అమ్మగారు. నాకు కాళ్ళు ఆగలేదండి. తిరుగు బస్సులో పక్క సీటు ఆవిడ ఎవరో కూడా తెలియదు, ఆవిడ చేతిలో పకోడీ పొట్లం పెట్టి మావాడు మావాడు అని ఏడ్చాను.

మంగళవారం పొద్దున ఏడింటికి టీ తాగుదామని సెంటర్‌కి వెళ్తే అక్కడ ఫ్లెక్సీ. లారీల కాటా పక్కన, నిలువెత్తున. ప్రకాష్ నవ్వుతూ, చెయ్యి మావాడి భుజం మీద వేసి. కింద మావాడి పేరు, ఇంటిపేరుతో సహా. మోటారు కేబుళ్ళ దొంగతనం మాని మంచిదారి పట్టిన చిరంజీవికి అభినందనలు, ఇట్లు తోడు సంఘం అధ్యక్షులు అని. గ్రానైట్ పాలిష్ యూనిట్లకి రాళ్ళు తోలే డ్రైవర్లు టీ గ్లాసులతో నిలబడి చదువుతున్నారు. ఒకాయన పైకే చదివాడు.

ఆ రోజే పక్క ఊరి కోటేష్ కాలిపోయిన మోటారు బండిలో వేసుకుని బుడే కొట్టుకి వచ్చాడు. దించబోతున్న మావాడి మొహం చూశాడు. "ఏం బుడే, ఫ్లెక్సీలో దొంగ వీడేగా? నా మోటారు ముట్టుకోనీకు" అని వెనక్కి తోలుకుపోయాడు. మావాడు చేతులు కడుక్కోకుండానే ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దు. బుడే వచ్చి పిలిచినా లేవలేదు.

సాయంత్రం ప్రకాష్ ఇంటికి వెళ్ళి, దించెయ్యి అబ్బాయ్ అని మంచిగానే అడిగాను. నవ్వాడు.

"మీవాడు మారాడనేగా బాబాయ్ రాసింది. ఆదివారం ఎమ్మెల్యే గారొస్తున్నారు, అందాకా ఉండనీ."

"మారాడని ఊరుకున్నావా? ఏం మానాడో కూడా రాశావుగా."

లోపలికి వెళ్ళిపోయాడు. బోర్డు వదిలేసిన పిల్లాణ్ణి ఈయన సెంటర్లో కట్టేశాడండి. అభినందనలట. తన కొడుకు పరీక్ష తప్పినప్పుడు ఎక్కడ కట్టాడు ఫ్లెక్సీ?

బుధవారం పదకొండు గంటలకి పొలం నుంచి వస్తూ, చేతిలో గడ్డి కోసే కొడవలి ఉంటే, టీ కొట్టు బల్ల ఎక్కి కోశాను. మావాడి బొమ్మ, మావాడి పేరు, అంతవరకే. మిగతాది ముట్టుకోలేదు. ప్రకాష్ చెయ్యి మావాడి భుజం మీద ఉంది గనక అదీ వచ్చింది. ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదకీ వెళ్ళలేదు. కొడవలితో చంపడానికి తిరుగుతున్నానని ప్రకాష్ ఫిర్యాదులో రాసింది అబద్ధం.

ముక్క ఇంటికి తీసుకెళ్ళి వాడి ముందు పడేశాను. లేచి చూశాడు. భుజం మీద ప్రకాష్ లేని ఆ ఉత్తచెయ్యి చూసి నవ్వాడండి. ఫ్లెక్సీ కట్టాక అదే మొదటి నవ్వు. వాళ్ళమ్మ అన్నం కలిపి పెడితే తిన్నాడు. ఈ పొద్దున కానిస్టేబుల్ గారు నాకోసం వచ్చేసరికి వాడు చొక్కా వేసుకుని, నేను వెళ్తున్నా నాన్నా అని కొట్టుకి వెళ్ళిపోయాడు.

ఎస్సై గారు మంచికే చెప్పారు, నువ్వు సంఘం ముందు క్షమాపణ చెప్పు, కేసు లేకుండా చూస్తామని. చెప్పను. ఎలీషా గారి ముందైతే నేలమీద కూర్చుంటాను, ప్రకాష్ ముందు కూర్చోను. కేసు కట్టండి. నా పేరు ఎంత పెద్ద అక్షరాలతోనైనా రాసుకోండి. సాక్ష్యానికి ఆ ముక్క కావాలంటే ప్రకాష్ చెయ్యి వరకు కోసి ఇస్తాను. మావాణ్ణి ఇవ్వను.

రైటర్ గారు చదివి వినిపించారు, విన్నాను. నేను చెప్పిందే ఉంది, ఎవరి బలవంతమూ లేదు, ఒక్క మాట కూడా తీసెయ్యొద్దు.

నా ఫోను మీ దగ్గరే ఉంది, ఇస్తే వీళ్ళకి చెప్పుకోవాలి. కనిగిరిలో పెద్దమ్మాయి రాజేశ్వరికి. వాళ్ళ అత్తగారు పుల్లమ్మ గారికి విడిగా, ఆ ఫ్లెక్సీ ఫోటో ఆవిడ ఫోనుకీ పోయిందట. గుంటూరులో చిన్నమ్మాయి భానుశ్రీకి. చీరాలలో మా అక్క సుబ్బరావమ్మకి, ఆవిడకి వినపడదు, గట్టిగా చెప్పాలి. చీమకుర్తిలో బావమరిది సురేంద్రకి, వేసవి నుంచి మా గడప తొక్కలేదు, అతనికి నేనే చెప్తాను. ఇంట్లో మా ఆవిడ మాణిక్యమ్మకి. పిల్లాడి మీద కేసు లేదని, ఇప్పుడున్నది నా మీదేనని.

(సంతకం) మాలకొండయ్య