తలుపుకి గడియ లేదు

మిల్వాకీలో ఆదివారం మధ్యాహ్నం. బట్టలుతికే గదిలో వాల్టర్ తన జట్టుకి కలిసొస్తుందని టోపీ తిరగేసి పెట్టుకుని, మూసిన తలుపుకి చెవి ఆనించాడు. అవతల హాల్లో టీవీలో బేస్‌బాల్ మ్యాచ్ చూస్తూ భార్య డోరీన్ కూర్చుంది.

"ఏమైంది?"

"నీ కోల్బీ మళ్లీ మూడు బంతులకీ గాల్లో బ్యాటు ఊపి అవుటై వెళ్లిపోయాడు."

"నేలకి తగిలే బంతికి కూడా ఊపుతాడేంటే వాడు. జట్టులోకి కొత్తగా వచ్చిన ఆ ముగ్గురు కుర్రాళ్లూ కలిసి నెలలో తగిలించింది నాలుగు బంతులు. చేతికర్రతో మా అమ్మ నయం."

"ఆ నాలుగూ నువ్వు సోఫాలో లేనప్పుడే తగిలాయి. నాలుగుసార్లూ అక్కడే బట్టలు మడతపెడుతున్నావు."

"అందుకేగా మూడు వారాలుగా ఇక్కడ పడున్నా. ఒక్కటన్నా చూడనివ్వవా?"

"ఇప్పుడా? ఆఖరి ఇన్నింగ్స్, ఒక్క పరుగు వెనకున్నాం. మూడు బేసుల్లోనూ మనవాళ్లే. ఇంకొక్కడు అవుటైతే అంతే. ఆ ముగ్గురిలో ఇంకోడు, డెషాన్, బ్యాటు పట్టుకుని వచ్చాడు."

"డోరీన్, గడియ తియ్యవే."

"గడియ ఎప్పుడు పెట్టాను?"

వాల్టర్ పిడి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. సందులోంచి టీవీలో కుర్రాడి మోచెయ్యి కనిపించింది.

"ఒక బంతి పోయింది," అంది డోరీన్ వెనక్కి తిరగకుండానే. "తలుపు తీశావా?"

"వేలెడంత."

"రెండోదీ పోయింది."

వాల్టర్ తలుపు మూసేసి, వాషింగ్ మెషిన్ దానికి అడ్డంగా జరిపాడు. హాల్లో టీవీ ఒక్కసారిగా హోరెత్తింది.

"కొట్టాడా?"

"కొట్టాడు. రెండు పరుగులు. గెలిచాం."

"ఎలా కొట్టాడే?"

"ఏమో. నేనూ కళ్లు మూసుకున్నాను."