కౌసల్య ఆపిన బ్యాచ్

కౌసల్యను కన్న బీరమ్మగారూ, ఆమె తమ్ముడు నరేష్, ఇస్నాపూర్ వాడకట్టు పెద్దలూ, షిఫ్టు మార్చుకుని వచ్చిన మా ల్యాబ్ మిత్రులారా!

ఇంతమందిమి ఒక్కచోట చేరాం. కౌసల్య ఒక్కతే లేదు. ముప్పై రెండేళ్లకే, నరాలను చంపి కండరాలను కరిగించే జబ్బు ఆమెను తీసుకుపోయింది. నా పేరు యామిని. సుల్తాన్‌పూర్ ల్యాబ్‌లో ఎనిమిదేళ్లు ఆమెకు పైఅధికారిని. ఆమె గురించి మాట్లాడే అర్హత నాకుందా? విని మీరే చెప్పండి.

మేమొక యాంటీబాడీ తయారుచేస్తున్నాం. వేడికో విషానికో కణం తల్లడిల్లినప్పుడు దాని లోపల కొన్ని ప్రోటీన్లు గుంపు కడతాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని, మైక్రోస్కోప్ కింద చుక్కల్లా మెరిపించడమే ఆ యాంటీబాడీ పని. "ఎండ గొడితే కూలోళ్లం చెట్టు కిందికి ఉరికినట్టు గదా బిడ్డా" అన్నారట బీరమ్మగారు, కౌసల్య ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు. ల్యాబ్‌కు ఎవరొచ్చినా కౌసల్య ఈ మాటే చెప్పేది.

మొదటి బ్యాచ్ అద్భుతంగా మెరిసింది. పరిశోధకులకు పంపేయమన్నాను. కౌసల్య పంపలేదు. ఆ ప్రోటీన్ అసలే లేని కణాల మీద, ఎవరూ చెప్పకుండానే, మళ్లీ పరీక్షించింది. అక్కడా చుక్కలే! "మేడం, లేనిదాన్ని ఉన్నదని సూపిస్తున్నది. గిది నమ్ముకుంటే రోగాల మీద పనిచేసేటోళ్లు ఆగమైతరు" అంది. నేనేమన్నాను? అందరి ముందు, "నువ్వు టెక్నీషియన్‌వి, నీ పని చూసుకో" అన్నాను. ఆమె ఆ బ్యాచ్ ఉన్న ఫ్రిజ్ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీరే పంపుండ్రి. నేనైతే పంప."

నేనూ పంపలేకపోయాను. రెండు రోజుల తర్వాత స్వయంగా చూస్తే, ఆమె చెప్పిందే నిజం. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలోనే ఆమె చేతిలోంచి, చుక్క చుక్క కొలిచి పోసే పిపెట్ జారడం మొదలైంది. మొదట నవ్వింది. తర్వాత దాచింది. డాక్టరు జబ్బు పేరు చెప్పాక దాచడానికేమీ మిగల్లేదు. ఆ జబ్బు మీద పరిశోధించేవాళ్ల కోసమే కదా మేము ఆ యాంటీబాడీ చేస్తున్నది! సెలవు పెట్టమన్నాను. "కండ్లు మంచిగనే ఉన్నయి గద మేడం" అంది. నరేష్ రోజూ బండి మీద దించేవాడు. కౌసల్య తాను చూస్తూ, మా కొత్త టెక్నీషియన్ రేఖ చేతులతో పని చేయించింది. నువ్వెన్ని తప్పులు చేసినా ఒక్కనాడైనా విసుక్కుందా, రేఖా?

చివరికి సరైన బ్యాచ్ వచ్చింది. ప్రోటీన్ ఉన్నచోటే మెరిసింది. లేని కణాలు చీకటిగా ఉండిపోయాయి. ఆ చీకటి తెర చూసి కౌసల్య ఏడ్చింది. ఆ క్షణమే నేను క్షమించమని అడగాల్సింది. వచ్చే ఆదివారం ఇంటికెళ్లి అడుగుదామనుకున్నాను. ఎన్ని ఆదివారాలు అలా పోయాయో! వెళ్లేసరికి ఆమెకు మాట పోయింది. చెయ్యి పట్టుకుని "తప్పు నాదే, కౌసల్యా" అన్నాను. నన్నే చూస్తూ ఉండిపోయింది. ఏమనుకుందో నాకిప్పటికీ తెలియదు. "నా బిడ్డ మనసుల పెట్టుకోదు మేడం" అన్నది మీరే, బీరమ్మగారూ. ఆమె మాత్రం చెప్పలేకపోయింది.

మిత్రులారా, రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం, లేవండి. బీరమ్మగారూ, మీరు లేవకండి. మూడు రోజులుగా మీకు కాళ్లు నిలవడం లేదు. మీరు కూర్చోండమ్మా. మీ బిడ్డ కోసం మేమందరం నిలబడతాం.