పోలేరమ్మ నగలకి చెంగమ్మ పెట్టిన కాపలా

చెంగమ్మ ఉండాదే, మన పెంచలయ్య పెళ్ళాం, ఆయమ్మకి ఆ ఏడు నిద్దర పట్టకుండా పోయిందంట. జబ్బేం గాదు. పోలేరమ్మ నగలకి వంతు వాళ్ళింటికి వచ్చింది. మన ఊళ్ళో అమ్మోరి నగలు ఏడాదికొక ఇంట్లో ఉంటాయి గదా, మీకు తెలుసులే, ఈ పిలకాయలకి తెలీదని చెప్తుండా. జాతరప్పుడు పెద్దోళ్ళ ముందర ఆ పసుపుగుడ్డ మూట ఇప్పాల. కాసులపేరు, ముక్కెర, వెండి కళ్ళు, అన్నీ ఉండాల. ఒక్కటి తగ్గిందా, ఆ ఇంటోళ్ళకి మళ్ళీ వంతు లేదు, ఊళ్ళో తలెత్తుకునేదీ లేదు. ఇంతవరకూ ఎవురింట్లోనూ తగ్గలా. ముందేడు వంతు ఎదురింటి బుజ్జమ్మది. మూట అప్పజెప్పేటప్పుడు ఏమనిందంటే, "మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఈగ వాలలేదమ్మే. మీదేమో ఈ పక్కన చివరిల్లు, మీ ఆయన పండుకుంటే పిడుగు పడ్డా లేవడు, జాగర్తమ్మా" అనిందంట. ఇంకేముంది, ఆ మాట చెంగమ్మ చెవిలో జోరీగ మాదిరి తిరగతానే ఉండాది.

"ఏమయ్యో, కెమేరాలు పెట్టిద్దాం" అనింది మొగుడితో. "ఎందుకే, కుక్కని పెంచుకుందాం, ఇంత అన్నం పెడితే చాలు" అన్నాడు పెంచలయ్య. "కుక్క నీకు ఫోన్ చేసి చెప్తదా, దొంగోడొచ్చాడు లేయ్ సామీ అని?" అనింది. ఆయమ్మ కెమేరాలు బిగిచ్చే ముగ్గురికి కబురు పెట్టింది, ముగ్గుర్నీ చూసి ఒకర్ని ఎంచుకుంటానని.

మొదట ఒకాయన వచ్చాడు, అంత ఎండలో మెడకి టై బిగిచ్చుకోని. ఆయన చెప్పులన్నా ఇడవలా, చెంగమ్మ "రాయ్యా రా" అని వంటింట్లోకి తీసకపోయి చింతపండు జాడీ మూత తీసింది. "ఇదిగో, దీని అడుగున ఉండాయి అమ్మోరి నగలు. నీ కెమేరా రేయింబగళ్ళు ఈ జాడీనే చూస్తా ఉండాల. ఎవురికీ చెప్పబాక" అనింది. ఆయన పుస్తకం తీసి, వంటిల్లు, చింతపండు జాడీ, అడుగున, అని రాసుకున్నాడంట! రాసుకోని, ఎనిమిది కెమేరాలు కావాల మేడం అన్నాడు. "చెడిపోతే ఎవురొస్తారయ్యా?" అంటే, కంపెనీకి ఫోన్ చేసి ముందు ఒకటి నొక్కండి, ఆమైన నాలుగు నొక్కండి అన్నాడు. చెంగమ్మకి ఆ నొక్కుడు నచ్చలా. మర్నాడు రెండో ఆయన. ఆయనకీ జాడీ దర్శనమే. ఆయన ఇంకా ఘనుడు, ఆఫీసులో చూపిచ్చాలని జాడీకి ఫోటో తీసుకోని పోయాడు. పెంచలయ్య అరుగు మీద కూర్చోని, "ఇంకెవురన్నా మిగిలుంటే దండోరా వేపిచ్చేదా?" అన్నాడంట. "నువ్వు ఊరుకోవయ్యా, చూపిచ్చకపోతే కాపలా ఎట్టా పెడతారు?" అని కసిరింది.

మూడో రోజు ఏమైందంటే, స్కూటర్ మీద ఒకమ్మాయి దిగింది, పక్కన నిచ్చెన కట్టుకోని. రజియా అంట పేరు. మొగుడూ పెళ్ళాం ఆత్మకూరులో అంగడి పెట్టుకోని వాళ్ళే బిగిస్తారంట. చెంగమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకోని "రామ్మా, చూపిస్తా" అని లాగితే, గుమ్మంలోనే ఆగిపోయింది. "అక్కా, ఏం దాచావో, యాడ దాచావో నాకు చెప్పబాక. నాకు దొంగోడొచ్చే దోవ కావాల, నీ సొమ్ముండే చోటు గాదు" అనింది. చెంగమ్మ ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. "అయితే ఆ ఇద్దరికీ చూపిచ్చానే తల్లీ!" అనింది. "ఇంకెవురికి చెప్పావు?" అంటే, పాలామెకి, గ్యాసు బండ తెచ్చినాయనకి, ఒట్టు పెట్టిచ్చుకోనే చెప్పానంటది! రజియా నవ్వు ఆపుకోని, "నేను రోడ్డు మీదికి తిరిగి నిలబడతా. ముందు చోటు మార్చు. మీ ఆయనకి గూడా చెప్పబాక" అనింది. పెంచలయ్య "నాకెందుకులే తల్లీ" అని తనే లేచొచ్చి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడంట.

చెంగమ్మ పని కానిచ్చుకోని వచ్చాక రజియా ఇల్లంతా చుట్టొచ్చింది. "అక్కా, ముందు తలుపుకి మూడు తాళాలు. దొడ్డి తలుపుకేమో గేదె పలుపుతాడు. నేను దొంగనైతే మీ ముందు తలుపు మొహం గూడా చూడను. ముందు దానికి గడియ వేపిచ్చు. కెమేరాలు రెండు చాలు, ముందొకటి, దొడ్లో ఒకటి. వంటింట్లో పెడితే సొమ్ము ఈడుందని మనమే చెప్పినట్టు" అనింది. "మరి చెడిపోతే?" అంటే, "నేనే వస్తా, ఈ స్కూటర్ మీదే" అనింది. చెంగమ్మ ఆ పిల్లకే పని ఇచ్చేసింది. ఫోన్లో దొడ్డి ఎట్టా చూడాల, ఫోన్లో మాట్లాడితే ఆ కెమేరాలోంచి మాట ఎట్టా వినపడద్ది, అన్నీ రజియా నేర్పిచ్చి పోయింది.

ఇంగ వినండి. వేరుశెనక్కాయలు పీకే రోజులు. మిట్టమధ్యాన్నం, అందరం చేలో ఉండాం. నేనూ ఆడనే ఉండా. చెంగమ్మ ఫోను టింగుమనింది. చూస్తే దొడ్లో ఎవురు? బుజ్జమ్మ! పాలామె దగ్గిర జాడీ సంగతి ఇనిందంట, నిజంగా అంత అధ్వానంగా పెట్టిందా, చూసొచ్చి ఊళ్ళో చెప్దామని గోడ దూకింది. దొడ్డి తలుపు కాడ పలుపుతాడు కోసం తడుముకుంటా ఉండాది, తాడు లేదు, లోపల కొత్త గడియ. భుజంతో ఒక నూకు నూకింది, తలుపు కదల్లా. చెంగమ్మ ఫోను నోటి దగ్గిర పెట్టుకోని, "బుజ్జమ్మొదినా, చింతపండు కావాలంటే ముందు గుమ్మంలో అడగొచ్చు గదా!" అనింది. గోడ మాట్లాడేసరికి బుజ్జమ్మ అడుగున్నర ఎగిరి పేడదిబ్బలో కూలబడింది. లేచి, గోడకి దణ్ణం పెట్టి, "కరేపాకు కోసుకుందామని వచ్చానమ్మే" అంటది. "కరేపాకు చెట్టు మీ ఇంట్లోనే గదా వదినా ఉండేది!" అనింది గోడ. చేలో మేమంతా ఫోన్ చుట్టూ మూగి, కాయలు పీకేది మానేసి పడీపడీ నవ్వినాం. ఆ పూట కూలీ అంతా నవ్వుకే పోయిందనుకో.

జాతరకి పెద్దోళ్ళు మూట ఇప్పారు. కాసులపేరుంది, ముక్కెరుంది, వెండి కళ్ళు మెరస్తా ఉండాయి. చెంగమ్మ బుజ్జమ్మ వంక చూసింది, బుజ్జమ్మ ఆకాశం వంక చూసింది. అంతే. ఇంతకీ రెండోసారి మూట యాడ దాచిందో పెంచలయ్యకి ఈనాటికీ తెలీదు.

ఈ ఏడు వంతు మాదే. యాడ పెట్టావు తాతా అని అడిగేదానికి ఎవురన్నా నోరు తెరస్తే, కథ అయిపోయింది, లేచి మీమీ ఇళ్ళకి పొండి.