బంగారి పిడికిట్లో తాళాలగుత్తి

అన్యాయం జరిగింది బంగారికి, జీడిపిక్కలు ఏరే కాలంలో, పట్టపగలు, సొంత నాయనమ్మ చేతిలోనే. తొమ్మిదేళ్ల గుంట. దానికి ఫిట్సు ఉందంట. పడేది, కొట్టుకునేది, కాసేపటికి దానంతటదే తేరుకునేది. పడ్డ ప్రతిసారీ నాయనమ్మ అప్పలనర్సమ్మ బొడ్లో దోపుకున్న తాళాలగుత్తి తీసి ఆ పిడికిట్లో కుక్కేది. "చూశారా, నా ఇనుము!" అని వీధంతా చెప్పుకునేది. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మ లాగ అనుకో. నవ్వకండర్రా, మీ ఇళ్లల్లోనూ అదే ఇనుము. తల్లి నూకరత్నం మాత్రం పిల్లని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ రోజూ మింగే మాత్రలిచ్చి, ముక్కులో కొట్టే మందు ఒకటి చేతిలో పెట్టి, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఇది కొట్టు, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి, ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది అని చెప్పిందంట. నూకరత్నం దాన్ని తలుపు పక్క గూట్లో పెట్టింది, ఎవరికైనా అందేలా.

ఏమైందంటే, ఆ మధ్యాహ్నం నూకరత్నం ఇంటెనక తోటలో పిక్కలు ఏరుతుంటే కేక వినపడింది. పరుగెత్తుకొచ్చింది. గుంట నేల మీద, కళ్లు పైకి, నోట్లో నురగ, ఒళ్లంతా ఎగిరెగిరి పడతోంది. పిడికిట్లో తాళాలు. పక్కింటి సూరయ్య నోట్లో గరిటె పెట్టబోతుంటే లాగి అవతల పారేసింది, "పళ్లు రాలగొడతావేటి, తప్పుకో!" అని. పిల్లని పక్కకి తిప్పి, తల కింద గుడ్డ మడిచి పెట్టింది. ఎప్పుడు పడిందత్తా అంటే, "గంజి వార్చడానికి కుండ వంచానే, అప్పుడు." కుండ చూస్తే ఆఖరి చుక్క కూడా కారిపోయి ఆరిపోయుంది. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. గూట్లో చెయ్యి పెడితే గూడు ఖాళీ! "మందేదత్తా?" ముసలమ్మ గొణిగింది, "వచ్చేపోయేవాళ్లు చూస్తే మూర్ఛగుంటని పేరు పడిపోదేటే? రేపెవడు చేసుకుంటాడు? ట్రంకుపెట్టెలో దాచి తాళమేశాను." "తాళంచెవి?" ముసలమ్మ బంగారి పిడికిలి వైపు చూసింది.

కేకకి పోగైన వీధివాళ్లందరూ ఆ పిడికిలి మీద పడబోయారంట. "ముట్టుకోకండి, వేళ్లు విరుగుతాయి!" అని అరిచి, నూకరత్నం పెరట్లోంచి గునపం అందుకుంది. "ఒలమ్మో, నా పుట్టింటి పెట్టే!" అని అత్త అడ్డంపడితే, "తప్పుకుంటావా, నీ మీదుగా పొడవమంటావా?" అందంట. రెండు పోట్లకి కొక్కెం ఊడింది. మందు తీసి, డాక్టరమ్మ చెప్పినట్టే ముక్కులో కొట్టింది. సూరయ్య ఈలోగా ఫోన్ చేశాడు. ఇంక చూడు, ఒక్కడు గాలి పీలిస్తే ఒట్టు. ముందు కాళ్లు ఆగాయి. తర్వాత భుజాలు. ఎంతసేపటికో పిడికిలి విచ్చుకుని తాళాలు నేల మీద గల్లుమన్నాయి. అంబులెన్సు వచ్చేసరికి గుంట కళ్లు తెరవలేదు గానీ ఊపిరి తిన్నగా తీస్తోంది. మర్నాడు ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ అడిగిందంట.

ముసలమ్మ ఇప్పటికీ ఇనుమే కాపాడిందంటుంది. నిజమే తల్లీ, ఇనుమే. గునపం కూడా ఇనుమే కదా. ఆ పెట్టెకి మళ్లీ తాళం పడలేదు. మందు గూట్లోకొచ్చింది. గూటి పైన గోడ మీద నూకరత్నం బొగ్గుతో ఇంతింత అక్షరాలు రాసింది, గుంట పడ్డ రోజు తేదీతో సహా, వచ్చేపోయేవాళ్లు చదివి చావాలని: బంగారి ఫిట్సు మందు, 17 ఏప్రిల్ 2019.