పిలిస్తే పలకలేదని

హలో… ఆ, నేనే అక్కా. ఉండు, ఫోను కుడిచెవికి మార్చుకోనీ… ఊఁ, ఇప్పుడు చెప్పు.

… ఆస్పత్రిలోనే ఉన్నా. మన డాక్టరమ్మ దగ్గరే. చీటీ రాయించుకున్నా, పన్నెండో నంబరు. లోపల పదకొండు నడుస్తోంది.

… రేపు నీతో కలిసి రావాలని తెలుసు. అందుకే ఇవాళ వచ్చా.

… కోపమేం లేదు… సరే, ఉంది. కోపమే.

… ఎవరూ ఎక్కించలేదు. నాకూ ఓ బుర్ర ఉంది. నిన్న ఒక పూట సెలవు పెట్టి చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళా… నీకు చెబితే వెళ్ళనిచ్చేదానివా?

… చిన్న గదిలో తలుపేసి కూర్చోబెట్టారు. చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను నొక్కకుండా కూర్చున్నంతసేపూ అక్కడ చప్పుడు వస్తూనే ఉందట. ఎడమచెవిలో సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయి. కుడిది కాస్త నయం.

… ఊహ కాదు. నేను ఊహించుకుంటానేమో గానీ, ఆ పరీక్ష కాగితం ఊహించుకోదుగా.

… డాక్టరమ్మ ఇచ్చే మాత్ర వల్లేనా అని అడిగా. కావచ్చు, కాకపోనూ వచ్చు అన్నాడు. ఫ్యాక్టరీ రొద వల్ల కూడా కావచ్చట. మాత్ర రాసినావిడనే అడగమన్నాడు.

… లేదు, మానలేదు. పొద్దున కూడా వేసుకున్నా. నన్ను మళ్ళీ మనుషుల్లో పడేసింది ఆ మాత్రే. నాకు దానితో గొడవ లేదు.

… ఎవరితోనా? పోయిన నెల డాక్టరమ్మకి ఫోన్ చేసి నువ్వేం చెప్పావు?

… నసగకు. బావ నోరు జారాడు. "పిలిస్తే పలకట్లేదు, తన లోకంలో తానుంటోంది, మళ్ళీ మొదలైంది" — ఇదేగా?

… పలకనిది నిజమే. కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్నా. నువ్వు వంటింట్లోంచి పిలిచావు. ఎడమచెవి నీ వైపుంది. వినపడలేదు, పలకలేదు. అంతే కథ. దానికి మందు పెంచారు.

… మూడు వారాలు, అక్కా. మూడు వారాలుగా మింగుతున్నా. ఎందుకు పెంచారంటే "డాక్టరమ్మ మార్చింది, వేసుకో" అన్నావు.

… భయపడ్డావు, తెలుసు. లేని గొంతులు నాకు వినిపించిన రోజుల్లో నా గది గుమ్మానికి అడ్డంగా పడుకున్నావు, నెలల తరబడి. మర్చిపోలేదు. నువ్వు లేకపోతే నేను లేను.

… అయితే మాత్రం? జన్మంతా నా బదులు నువ్వే మాట్లాడతావా? నాకు నిద్ర పట్టిందో లేదో కూడా నువ్వే చెప్తావు. ఆవిడ నీ మొహమే చూస్తుంది. నేను గోడ మీది క్యాలెండర్లో తారీఖులు చదువుకుంటూ కూర్చుంటా.

… ఉద్యోగం సంగతా? మేస్త్రీకి నా చెవి సంగతి నేనే చెప్పేశా.

… దాచి ఎన్నాళ్ళు? పింగాణీ కప్పుని పుల్లతో కొడితే ఖంగుమనాలి, పగులుంటే మొద్దుగా మోగుతుంది. పదేళ్ళుగా చెవితోనే ఏరుతున్నా. మొన్న నేను బాగున్నాయని పంపినవాటిలో ఆరు పగుళ్ళవి పక్క బల్ల పెద్దమ్మ పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా మెల్లిగా నా వైపు తోసింది, పాపం.

… తీసెయ్యలేదు. రంగు చూసి ఏరే బల్లకి మార్చాడు. తీసేస్తే తీసెయ్యనీ. వేడి టీ పోయగానే చేతిలో విచ్చిపోయే కప్పుని మంచిదని నేను పంపను.

… ఏం అడుగుతానా? పెంచింది తగ్గించొచ్చా అని. వేరేది ఉందా అని. కుదరదంటే కుదరదని నా మొహం చూసి చెప్పమంటా. ఇంకోటి, నా గురించి ఎవరు ఫోన్ చేసినా ముందు నన్ను అడగమంటా.

… ఆ. నువ్వు చేసినా సరే.

… వద్దు, బయల్దేరకు. వచ్చినా బయట కుర్చీలోనే కూర్చోవాలి.

… అక్కా?

… ఉన్నావా? … ఏడుస్తున్నావా ఏంటి? అలా సన్నగా ఏడిస్తే నాకు తెలీదే. గట్టిగా ఏడువు.

… ఊఁ. ఇప్పుడు వినపడింది. ఏడువు, పర్లేదు. ఇంటికొచ్చాక తిట్టు కూడా. కాకపోతే ఎదురుగా నిలబడి తిట్టు.

… ఉండు, నర్సు చెయ్యి ఊపుతోంది. పేరు పిలవద్దు, చెయ్యి ఊపమని ముందే చెప్పిపెట్టా… ఏంటమ్మా? … తోడా? తోడెవరూ రాలేదమ్మా. చెప్పాల్సిందంతా నేనే చెప్తా.

ఉంటానక్కా.